చల్లగా ఉన్న డ్రమ్ము

ఇంజన్ వేడెక్కితే వీరేష్ నోట మొదట వచ్చే మాట "వదినా".

రెండో మాట కూడా అదే. మూడోసారి పిలిచే అవసరం రాదు. అప్పటికే ఉమాదేవి కొంగు నడుముకు దోపుకుని ట్రాలీ ఎక్కేసి ఉంటుంది. ఇంజన్‌లోంచి నీళ్ళు డ్రమ్ములోకి తిరిగొచ్చే పైపు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు వీరేష్ ఆమె ముఖంలోకి చూసే చూపు మంజుకు నచ్చదు. అందులో తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. రోగిని పడుకోబెట్టి డాక్టరు ముందు నిలబడ్డ మనిషి చూసే చూపు అది. కానీ పెళ్ళయి ఏడాది దాటినా, అంత నమ్మకంగా అతను తనవైపు ఒక్కసారీ చూడలేదు.

ఉమాదేవి వీరేష్ అన్న చంద్రప్ప భార్య. చంద్రప్ప ఇప్పుడు లేడు. మంజు ఈ ఇంటికి కోడలిగా రాకముందే గుండెనొప్పితో పోయాడు. అతను హిందూపురంలో మెకానిక్కుగా ఉన్నప్పుడు, తుక్కు కింద కోసేస్తున్న ఒక బస్సు నుంచి ఇంజన్ కొని తెచ్చాడు. దాన్ని ట్రాక్టరు ట్రాలీ మీద బిగించి, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు తగిలించి, పెళ్ళిళ్ళకూ జాతరలకూ జనరేటరుగా తిప్పడం మొదలుపెట్టాడు. పెనుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ దాన్ని చంద్రప్ప జనరేటరనే అంటారు. నడిపేది వీరేష్ అయినా.

బస్సులో ఉన్నప్పుడు ఆ ఇంజన్‌కు ఎదురుగాలి ఉండేది. రోడ్డు మీద పరుగెత్తుతుంటే గాలి తగిలి రేడియేటరులో నీళ్ళు చల్లబడేవి. ట్రాలీ మీద కట్టేసినట్టు నిలబడి రొప్పే ఇంజన్‌కు ఎదురుగాలి ఎక్కడిది? అందుకే చంద్రప్ప రేడియేటరు తీసేసి, దాని బదులు పెద్ద ఇనుప డ్రమ్ము పెట్టాడు. డ్రమ్ము అడుగు నుంచి ఒక పైపు చల్లటి నీళ్ళను ఇంజన్‌కు తీసుకుపోతుంది. ఇంజన్ ఒళ్ళంతా తిరిగి వేడెక్కిన నీళ్ళు ఇంకో పైపులోంచి డ్రమ్ము పైభాగానికి వస్తాయి. డ్రమ్ము చుట్టూ గోనెసంచులు చుట్టి ఉంటాయి. వాటిని తడుపుతూ ఉండాలి. ఎండాకాలం నీళ్ళకుండకు తడిగుడ్డ చుట్టినట్టే. పైన తేలే వేడినీళ్ళను మగ్గుతో కొంచెం కొంచెం తోడేసి, కొత్తనీళ్ళు కొంచెం కొంచెం పొయ్యాలి. తొందరపడి బిందె కుమ్మరిస్తే కాగి ఉన్న ఇనుము పగులుతుంది. ఒకసారి వీరేష్ అట్లా బిందె ఎత్తబోతే ఉమాదేవి అతని చేతిమీద చెళ్ళున కొట్టింది. అతను నవ్వాడు. గోడ పక్కన నిలబడి మంజు ఆ దెబ్బనూ చూసింది, ఆ నవ్వునూ చూసింది.

డ్రమ్ము పక్కనే ఒక సీటుంది. అదీ ఆ బస్సుదే. ఇద్దరు పట్టే సీటు. దాని పైన బస్సు గోడకు ఉండిన "స్త్రీలు" అన్న రేకుముక్కను కూడా కోసుకొచ్చి చంద్రప్ప సీటు వెనక బిగించాడు. ఒక సగంలో ఉమాదేవి కూర్చుంటుంది. రెండో సగంలో నీళ్ళ క్యాను ఉంటుంది. ఎన్ని పెళ్ళిళ్ళకు పోయినా ఆ క్యాను ఆ సగంలోనే ఉంటుంది.

మంజుది అమరాపురం. అక్కడ ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. అత్తగారింటికి వచ్చిన కొత్తలో ఏదో అడగబోయి కన్నడం మాట దొర్లితే అత్త రామక్క, ఉమాదేవి, వీరేష్ ముగ్గురూ పడి పడి నవ్వారు. ప్రేమగానే నవ్వారు. అయినా అప్పటినుంచి ఆమె నోరు తగ్గించింది. నోరు తగ్గితే కళ్ళు పెరుగుతాయి. గొర్రెలకు ఆకు వేస్తూ, చాట పట్టుకుని బియ్యం ఏరుతూ, ఉమాదేవి ఇంజన్ దగ్గర ఏమేం చేస్తుందో అంతా చూసి పెట్టుకుంది. నేర్చుకోవాలని కాదు. ఆ సీటు ఎందుకు ఆమెదో తేల్చుకోవాలని.

వేసవి పెళ్ళిళ్ళు మొదలయ్యేముందు డ్రమ్ము కిందిపైపు చీకిపోయింది. వీరేష్, ఉమాదేవి, మంజు ముగ్గురూ బస్సెక్కి హిందూపురం పోయారు. చంద్రప్పకు పని నేర్పిన గోవిందప్పకు అక్కడ పాత సామాన్ల అంగడి ఉంది.

"ఏమప్పా వీరేషా, ఇంజన్ డాక్టరమ్మను పిలుచుకొచ్చినావే!" అన్నాడు గోవిందప్ప.

"ఆమె లేకుంటే నువ్వు నాకు పాత పైపుకు సోపేసి కడిగి అంటగడ్తావు గదా."

"ఆ యమ్మకు అంటగట్టల్లంటే నేను మల్ల పుట్టల్ల. వాసన చూసి చెప్తాది, ఇది యా బస్సుదో." గోవిందప్ప అప్పుడు మంజును చూశాడు. "ఈ పాప ఎవరబ్బా?"

"నా పెండ్లాం."

"ఓ! పెండ్లికొచ్చి బోజనం చేసిపోతిని గదా, గుర్తే లే. మాట్లాడదా?"

"మాట్లాడ్తాది. గొర్రెలతో," అన్నాడు వీరేష్.

అందరూ నవ్వారు. మంజు కూడా నవ్వింది. నవ్వి, ఆ నవ్వును అలాగే ముఖాన ఉంచుకుని, వీరేష్ ఎవరివైపు చూసి నవ్వుతున్నాడో చూసింది.

గోవిందప్ప కొత్త పైపుతోపాటు చిన్న ఇనుప జల్లెడ ఒకటి తీసిచ్చాడు. "దీన్ని డ్రమ్ము లోపల అడుగుపైపు నోటికి బిగించండి. ఆకో అలమో పడితే ఇంజన్ లోపలికి పోదు."

"లోపలికి పోదు సరే మామా. ఆ ఆకూ అలమూ జల్లెడ మిందనే మూసుకుంటే?" అంది ఉమాదేవి.

"దానికే గదమ్మా నువ్వుండేది."

మంజు చెవిలో ఆ చివరి మాట ఒక్కటే పడింది. ముందు మాట పడలేదు. గమనించడంలో ఆమె తప్పేది ఇలాంటప్పుడే. వీరేష్ టీలు తెచ్చాడు. మొదటి గ్లాసు ఉమాదేవికి ఇచ్చాడు. పెద్దది కాబట్టి ఇచ్చాడు. అది న్యాయమే. న్యాయంగా ఉన్నందుకు టీ ఏమీ తియ్యగా అనిపించలేదు.

ఆ నెలలోనే ఉమాదేవి అన్న ఈరన్న కూతురి పెళ్ళి కుదిరింది. ఈరన్న ధర్మవరంలో మగ్గం నేస్తాడు. పెళ్ళి అక్కడే ఒక కల్యాణమండపంలో. "జనరేటరు యాడా చూడాకు అన్నా, మాదే తెస్తాం," అని ఫోనులో ముందుగా అన్నది ఉమాదేవే. ఈరన్న చెల్లెలికి పట్టుచీర పంపాడు. వంకాయరంగు చీర, ఆకుపచ్చ అంచు. ఉమాదేవి దాన్ని విప్పి చూసి మళ్ళీ మడతల ప్రకారం మడిచి పెట్టెలో పెట్టేసింది.

"కట్టుకోవా అక్కా?" అని మంజు అడిగింది.

"ఇంజన్ కాడ ఆయిలు తగుల్తాది."

ఆ సాయంత్రం అందరూ రాగిముద్ద తింటుంటే మంజు నోరు విప్పింది. ఆ మాటను ఆమె పగలంతా మనసులో తిప్పి తిప్పి సానబట్టి ఉంచుకుంది.

"అక్క పెండ్లికూతురికి మేనత్త గదా. అక్క ముందర కూర్చోవల్ల. పట్టుచీర కట్టుకుని కూర్చోవల్ల. ఈసారి ఇంజన్ కాడ నేను కూర్చుంటా."

ముందు రామక్క తేరుకుంది.

"చూడే! దీని నోట్లో నాలిక లేదనుకుంటిమి. ఎంత మంచి మాట అనె!"

"ఎండలో నీకెందుకు మంజూ," అంది ఉమాదేవి. "నాకంటే అలవాటు."

"అలవాటైనందుకే చెప్తాండా అక్కా. ఎన్ని పెండ్లిండ్లని ఎనకాలే కూర్చుంటావు?"

"అవు వదినా," అన్నాడు వీరేష్. "మీ అన్న కూతురి పెండ్లన్నా ఫ్యాను కింద కూర్చుని చూడు. మంజు ఉంటాది లే."

ఉమాదేవి ఏదో అనబోయి ఆగింది. లేచి తను తిన్న తట్ట కడగడానికి పోయింది. కడిగిన తట్టనే మళ్ళీ కడుగుతూ చాలాసేపు తొట్టి దగ్గర ఉండిపోయింది. సీటు పోతున్నందుకు బాధ అనుకుంది మంజు. అనుకున్నాక, ముద్ద ఇంకొంచెం పెట్టుకుని తింది.

పడుకోబోయేముందు ఉమాదేవి వచ్చింది. "మంజూ, ఒక మాట. చెయ్యి పెట్టి చూసేటప్పుడు..."

"అంతా చూసినా గదక్కా. నాకు తెలుసు," అంది మంజు.

ఉమాదేవి తలూపి వెళ్ళిపోయింది.

పెళ్ళిరోజు పొద్దున్నే ట్రాలీని కల్యాణమండపం వెనక, వంటశాల పక్కన నిలిపారు. వెనక గేటుకు బీగం వేసి ఉంది. పొద్దెక్కేసరికి ధర్మవరం ఎండ బండల మీదినుంచి లేచి ముఖాన కొడుతోంది. ఉమాదేవి వంకాయరంగు చీర కట్టుకుని, ట్రాలీ దగ్గర కాసేపు ఊరికే నిలబడింది. పైపులు బిగించి ఉన్నాయో లేదో ఒకసారి కదిపి చూడబోతే మంజు అంది. "ఆయిలు తగుల్తాదక్కా. పో, లోపల కూర్చో."

ఆమె పోయింది. నడక మాత్రం పెళ్ళికి పోతున్న మనిషి నడకలా లేదు.

మంజు సీటులో కూర్చుంది. రెగ్జిను అప్పటికే కాగి ఉంది. అయినా బాగుంది. సీటు ఎత్తు మీదినుంచి వీరేష్ నిలబడే స్విచ్చుల బోర్డు సూటిగా కనపడుతుంది. ఇన్నాళ్ళూ ఉమాదేవికి ఇంత దగ్గరగా కనపడేవాడన్నమాట.

కూర్చున్న కాసేపటికి ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఇంజన్‌కు పూజ జరిగి ఎన్నాళ్ళయిందో. చంద్రప్ప పోయాక ఉమాదేవి పసుపు కుంకుమ తాకలేదు. వీరేష్‌కు అట్లాంటివి తోచవు. ముత్తయిదువ చెయ్యి పడకుండా ఇన్నేళ్ళు ఆడిన ఇంజన్ అది. తను చెయ్యగలిగి, ఉమాదేవి చెయ్యలేనిది ఒకటుందని తోచగానే మంజుకు ఒళ్ళు తేలికైంది. వంటశాల నుంచి పసుపు కుంకుమ తెచ్చి ఇంజన్‌కు బొట్లు పెట్టింది. డ్రమ్ముకు పెట్టింది. మండపానికి కట్టగా మిగిలిన బంతిపూల దండలు గోడ పక్కన కుప్పగా ఉంటే, వాటిలో లావుపాటివి ఏరి డ్రమ్ము అంచు చుట్టూ కట్టింది. ఒకటి చాలలేదు. ఇంకోటి కట్టింది.

"ఏమ్మే, ఇంజన్‌కు కూడా పెండ్లి చేస్తాండావా?" అన్నాడు వీరేష్.

"చెయ్యకూడదా?"

"చెయ్యి, చెయ్యి. మొగుడు ఎవరంట?"

"నువ్వే. పొద్దస్తమానం దాని కాడనే ఉంటావు గదా."

వీరేష్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు పూర్తిగా ఆమెది. పక్కన పంచుకునేవాళ్ళు ఎవరూ లేరు.

ముహూర్తానికి ఇంకా టైముండగానే కరెంటు పోయింది. వీరేష్ ఇంజన్ స్టార్టు చేశాడు. మండపంలో ఫ్యాన్లు తిరిగాయి. పురోహితుడి గొంతు మైకులో మళ్ళీ లేచింది. మంజు చూసి నేర్చినదంతా చెయ్యడం మొదలుపెట్టింది. గోనెసంచులు తడిపింది. మగ్గుతో తోడింది, పోసింది. మగ్గు దండకు తగిలినప్పుడల్లా నాలుగు రేకులు రాలి నీళ్ళల్లో పడేవి. కాసేపు తేలి, నాని, మెల్లగా కిందికి దిగిపోయేవి. చూడడానికి అందంగా ఉంది. ఉమాదేవి ఉన్నప్పుడు ఆ డ్రమ్ము నల్లగా, నూనెమరకలతో ఏడుపుముఖంగా ఉండేది.

వీరేష్ వచ్చి డ్రమ్ము మీద చెయ్యి పెట్టాడు. "అబ్బా! వదిన ఉన్నప్పుడు కూడా ఇంత చల్లగా ఉండదే!"

ఏడాదిగా మంజు ఎదురుచూసిన మాట అది. దాన్ని బెల్లంముక్కలా నోట్లో పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ మళ్ళీ డ్రమ్ము తాకి చూసుకుంది. చల్లగా ఉంది. ఇంత సులువైన పనికా ఇన్నాళ్ళూ ఆ కళ్ళు మూసుకోవడాలు, ఆ తల పంకించడాలు?

తర్వాత వాసన వచ్చింది. ఎండకు రంగు కాలినట్టు. మంజు డ్రమ్ము తాకింది. చల్లగానే ఉంది. ఇంజన్ గొంతు మారింది. బరువు లాగలేని ఎద్దు ముక్కినట్టు ముక్కుతోంది. మంజు మళ్ళీ డ్రమ్ము తాకింది. చల్లగా ఉన్నప్పుడు వేడి ఎక్కడినుంచి వస్తుంది? ఇది వాసనే, ఇంకేమీ కాదు అనుకుంది. అనుకుంటుండగానే ఇంజన్ తల దగ్గర అతుకులోంచి ఆవిరి చిమ్మింది.

"వదినా!" అని అరిచాడు వీరేష్.

ఆమె లేదని తెలిసీ అరిచాడు. ఎదురుగా పెళ్ళాం కూర్చుని ఉండగా అరిచాడు. ఆవిరి తగిలినా మంజుకు అంత మండేది కాదు.

అరుస్తూనే అతను నీళ్ళబిందె ఎత్తాడు. మంజు ఎగిరి అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు! పగుల్తాది!"

"మల్లేం చేద్దామే?"

"ఆపు. ముందు ఇంజన్ ఆపు."

ఇంజన్ ఆగింది. మండపంలో మంత్రం సగంలో తెగింది. ఫ్యాన్లు నెమ్మదించి నిలిచిపోయాయి. వందలమంది ఒక్కసారి విసుక్కున్న శబ్దం గోడ దాటి వచ్చింది. వీరేష్ ముఖం పాలిపోయింది. ఇది ఉమాదేవి పుట్టింటి పెళ్ళి. ఇంజన్ పగిలితే ఈ ఏడాదికి ఇంక పెళ్ళిళ్ళు లేవు.

"అక్కను పిలుచుకొస్తా," అంది మంజు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ముందువరసలో ఉమాదేవి లేదు. రెండో వరసలో లేదు. మగపెళ్ళివాళ్ళ పక్క, ఆడవాళ్ళ గుంపులో, ఎక్కడా వంకాయరంగు చీర కనపడలేదు. భోజనాల హాలు కూడా దాటి పోతే, విస్తర్లూ కూరగాయల మూటలూ పెట్టిన చిన్న గది ఉంది. అందులో బియ్యం బస్తా మీద ఉమాదేవి కూర్చుని ఉంది. పట్టుచీర కుచ్చిళ్ళు నలగకుండా మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, ఎవరూ చెప్పకపోయినా తాంబూలాల తమలపాకులు తుడిచి పేరుస్తోంది.

"ఇంజన్ ఆగిపోయె గదా," అంది తలెత్తకుండానే. "అప్పుడే శబ్దం మారినాది. రావల్లనుకుంటి. యాడినుంచి వచ్చేది?"

గది గుమ్మం దగ్గర ఈరన్న అత్త కౌసల్యమ్మ కుర్చీ వేసుకుని ఉంది. మంజు ఉమాదేవి చెయ్యి పట్టుకుని లేపగానే ఆమె అడ్డంగా చెయ్యి చాచింది.

"ఆమెను ఇప్పుడు ఇట్ల పిలుచుకపోవద్దు పాపా. పెండ్లికూతురు పీటల మింద ఉండాది, ఎదురుపడ్తాది. తాళి కట్టేవరకు రవంత లోపల కూర్చో తల్లీ అని నేనే చెప్పినా. ఆ యమ్మ కూడా తప్పుగా అనుకోలేదు. ఏం ఉమా?"

ఉమాదేవి తమలపాకు తొడిమ గిల్లుతూ నిలబడింది.

మంజుకు అప్పుడు వరసగా అన్నీ కనపడ్డాయి. గోరంట్ల పెళ్ళిలో, కనగానపల్లి పెళ్ళిలో, ప్రతి పెళ్ళిలో, పందిరి వెనక ఆ సీటులో ఉమాదేవి. తనను రామక్క పిలిచి ముందు కూర్చోబెట్టేది. ఎవరెవరో వచ్చి బొట్టు పెట్టి, పూలిచ్చి, పక్కకు జరిగి చోటిచ్చేవారు. ఆ చోటులో కూర్చుని తను వెనక్కు తిరిగి, పందిరి సందుల్లోంచి ఈమెను చూసి కడుపు మండించుకునేది.

"అక్కా, రా."

"ఎనక గేటునుంచి పోదాం మంజూ."

"దానికి బీగం ఉండాది."

"పాపా, చెప్తాండా గదా!" అంది కౌసల్యమ్మ. "పెండ్లిమండపంలో నడిమధ్యన..."

"కరెంటు పోయినాది గదవ్వా," అంది మంజు. "చీకట్లో ఎవరికి అగుపడ్తాది?"

ఆమె గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు పక్కున నవ్వారు. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఏం చీకటి? కౌసల్యమ్మ నోరు తెరిచి మూసేలోగా ఇద్దరూ బయటపడ్డారు. కుర్చీల మధ్య దారిలో, విసనకర్రలుగా మారిన పెళ్ళిపత్రికల మధ్య, మంజు చెయ్యి వదలకుండా నడిచింది. ఉమాదేవి తల వంచుకునే నడిచింది. పీటల మీదినుంచి పెళ్ళికూతురు ఐశ్వర్య చూసి "అత్తా!" అని పిలిచింది. ఉమాదేవి ఆగలేదు గాని, చెయ్యి మాత్రం పైకెత్తి ఊపింది.

ట్రాలీ ఎక్కగానే ఆమె డ్రమ్మును తాకలేదు. తిరిగొచ్చే పైపు మీద చెయ్యి పెట్టింది. వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి.

"పైపు చల్లగా ఉండాది."

"డ్రమ్ము కూడా చల్లగానే ఉండాదక్కా. మొదటినుంచి చల్లగానే పెట్టినా," అంది మంజు.

"అదే గదా కొంపముంచింది. ఇంజన్ వేడి నీళ్ళల్లోకి రాకుంటే డ్రమ్ము యాడ వేడెక్కుతాది? నీళ్ళు తిరగడంలే." ఆమె డ్రమ్ము అంచు చుట్టూ ఉన్న దండలను చూసింది. ఒకపక్క దారం, తొడిమలు తప్ప ఏమీ మిగల్లేదు. తర్వాత మంజు ముఖం చూసింది. పట్టుచీర కొంగు దోపి, భుజం దాకా చెయ్యి డ్రమ్ములోకి దించింది.

"ఆగక్కా!"

"ఏం?"

"ఇప్పుడు జల్లెడకు పట్టింది తీస్తే ఈ చల్లనీళ్ళన్నీ ఒక్కసారి ఇంజన్‌లోకి పోవా? ఆయన బిందెతో పోసినా, ఇట్ల పోయినా ఒకటే గదా?"

ఉమాదేవి చెయ్యి నీళ్ళల్లోనే ఉంచి ఆమెవైపు చూసింది. ఆ చూపు మంజుకు కొత్త. వీరేష్ ఉమాదేవిని చూసే చూపుకు దగ్గరగా ఉంది.

"అవు," అంది మెల్లగా. "నాకు తోచనే లే. బుద్ధి యాడో ఉండాది."

"వంటాయన కాడ బిసినీళ్ళు... ఉడుకునీళ్ళు ఉంటాయి. తెస్తా."

తడబడినా ఈసారి ఎవరూ నవ్వలేదు. మంజూ వీరేషూ వంటశాల నుంచి గుండిగలో కాగుతున్న నీళ్ళు బిందెలతో మోసుకొచ్చారు. వంటాయన "సాంబారు ఎసరు పట్టుకపోతాండారే!" అని గరిటె ఊపుతూ వెంటపడ్డాడు. డ్రమ్ములో చల్లనీళ్ళు సగం తోడేసి వేడినీళ్ళు కలిపారు. ఇంజన్ సెగ కాస్త తగ్గేదాకా ఆగారు. లోపల బాజాలు కరెంటుతో పనిలేకుండా మోగుతున్నాయి. నీళ్ళు గోరువెచ్చ దాటి చెయ్యి చురుక్కుమనే వేడికి వచ్చాక, ఉమాదేవి మళ్ళీ అడుగుకంటా చెయ్యి దించి జల్లెడను తడిమింది. పిడికిట్లో ముద్ద ఒకటి బయటికి వచ్చింది. నాని నలిగిన బంతిరేకులు, దారం పోగులు.

"ఏంది వదినా అది?" అన్నాడు వీరేష్ బోర్డు దగ్గరినుంచి.

"ఏదో చెత్తప్పా. గాలికి పడింటాది." ఉమాదేవి పిడికిలి విప్పకుండానే దాన్ని గోడ అవతలికి విసిరేసింది.

మంజుకు ముఖం వేడెక్కింది. కాపాడినందుకు సంతోషం రావాలి. రాలేదు. ఇంజన్ చెవీ ఆమెకే, వదినా అన్న పిలుపూ ఆమెకే, చివరికి ఇంత మంచితనం కూడా ఆమెకేనా? తనకేం మిగిలింది?

"గాలి కాదు," అంది. "నేను కట్టిన పూలు. జల్లెడకు పట్టుకున్నాయి."

వీరేష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పెండ్లి చేస్తివి గదా, దానికి మొగుడు నచ్చలేదేమో," అన్నాడు చివరికి. మంజు మిగిలిన దండలను తెంపి అతని మీదికి విసిరింది.

ఇంజన్ మళ్ళీ అందుకుంది. ముందు రెండు దగ్గులు దగ్గి, తర్వాత గొంతు సర్దుకుంది. లోపల ఫ్యాన్లు తిరిగి, మైకు కీచుమని, పురోహితుడు ఆపినచోటినుంచి అందుకున్నాడు. ఉమాదేవి సీటు పక్కన నిలబడి ఉంది. లోపలికి పోవడానికి లేదు. ఇక్కడ కూర్చోవడానికి, సీటు ఇప్పుడు తనది కాదు.

మంజు రెండో సగంలోంచి క్యాను ఎత్తి కింద పెట్టింది. "కూర్చో."

"పట్టుచీర."

"నాదీ కొత్తదే. కూర్చో అక్కా."

ఉమాదేవి కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. సీటు బస్సులో ఉన్నప్పుడు ఎట్లా పట్టిందో గాని, ఇప్పుడు ఇరుకుగానే ఉంది.

"ముందర కూర్చోమని పంపిస్తివి," అంది ఉమాదేవి ఇంజన్ శబ్దానికి పైగా. "నాకు ముందర యాడుండాది చోటు? ఈడైతే లెయ్యమనేవాళ్ళు లేరు. ఉమ యాడుందంటే ఇంజన్ కాడ ఉండాదంటారు. అంతటితో అయిపోతాది."

"చెప్పింటే నేను అననే అననుగదా."

"చెప్పనిస్తివా?" అంది ఉమాదేవి. "నీకు ఆడా చోటుండాది, ఈడా చోటు కావల్లంటివి. ఆ పొద్దు తట్ట కడుగుతా ఎంత కడుపు మండిందో నీకేం తెలుసు. పసుపు కుంకుమ పెట్టుకుని నువ్వు ముందర కూర్చుంటే నేను ఈడనుంచి చూస్తాంటి, తెలుసునా? చూసి చూసి కండ్లు తిప్పుకుంటాంటి."

మంజు తెల్లబోయింది. వెనక్కు తిరిగి తను చూసినప్పుడల్లా ఆమె ఇంజన్ వైపే తిరిగి ఉండేది. అంటే అప్పటికే చూసి తిప్పుకున్న కళ్ళన్నమాట అవి.

లోపల బాజాలు ఒక్కసారి జోరందుకున్నాయి. ఇంజన్ రొదలో మంత్రం వినపడలేదు. బాజాల జోరు మాత్రం వినపడింది.

"కట్టినట్టుండాడు," అంది ఉమాదేవి. గోడవైపు చూస్తూ రెండు చేతులూ జోడించి విడదీసింది. తర్వాత ఒక చేతిని తిరిగొచ్చే పైపు మీద పెట్టింది.

మంజు కూడా పెట్టింది, ఆ చేతి పక్కనే. పైపు ఇప్పుడు వెచ్చగా ఉంది. చూస్తుండగానే వేడెక్కుతోంది. లోపల నీళ్ళు పరుగెత్తడం అరచేతికి సన్నగా తెలుస్తోంది. దీనికా కళ్ళు మూసుకునేది, అనుకుని మంజు కూడా మూసుకుంది. నిజమే, మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తోంది.

"తీయ్, కాల్తాది," అంది ఉమాదేవి.

"నువ్వు తీయ్."

ఇద్దరూ తియ్యలేదు. పైపు చురుక్కుమంది.

"వదినా, వేడెట్లుండాది?" అని బోర్డు దగ్గరినుంచి అరిచాడు వీరేష్. పాత అలవాటు.

ఉమాదేవి మంజువైపు చూసి, పైపు మీదినుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగుండాది! నీళ్ళు తిరుగుతాండాయి!" అని అరిచింది మంజు.

ఉమాదేవి ఓర్చుకోలేక తీసిందో, కావాలని తనకు ఇచ్చేసిందో మంజుకు తేలలేదు. ఇచ్చేసి ఉంటే మాత్రం ఆ గెలుపు తనకు వద్దు. అరచెయ్యి మండుతున్నా ఆమె ఇంకాసేపు పైపును అలాగే పట్టుకుని కూర్చుంది.